పూడ్చిన బావిలో నీటిమట్టం

ఖాజా మొహిద్దీన్ అబద్ధపు అంకెలు ఎక్కించలేదని నాకు తెలుసు. అతన్ని ఇంటికి పంపడానికి ఇంకా రెండు రోజులుండగానే తెలుసు. అయినా చెప్పలేదు.

1987. అబూధాబీ బయట మఫ్రఖ్‌లో భూగర్భజలాలు కొలిచే చిన్న కంపెనీ మాది. ఎడారిలోని పన్నెండు బావుల నీటిమట్టాలను విశ్లేషించే ప్రోగ్రామ్ నేను రాశాను. నెల్లూరు ఖాజా బుధవారం కొత్త కొలతలు కంప్యూటర్‌లో ఎక్కించి, గురువారం ప్రోగ్రామ్ నడిపి ప్రింటు తీసేవాడు.

ఆ వేసవిలో, కొలతలు తీసే జగిత్యాల రాజయ్య తొమ్మిదో బావి దగ్గర ఎండదెబ్బకు చనిపోయాడు. తర్వాత రోడ్డు పడుతుందని ఆ బావిని పూడ్చేశారు. నెల తిరిగాక ఒక గురువారం ప్రింటులో, ఆనాటి తేదీ కింద, తొమ్మిదో బావి కనబడింది. నీరు పదకొండు మీటర్ల లోతున. కొలిచినవారు: రాజయ్య.

రాజయ్య చోట చేరిన మల్లేశం ఆ కాగితం ముట్టుకోలేదు.

“గా బాయిని నేనే పూడ్చిన సారూ. గిప్పుడు నీళ్లెక్కడియి?”

“నేను ఎక్కించలేదు సార్, అల్లా సాక్షిగా,” అన్నాడు ఖాజా.

మరుసటి గురువారం మళ్ళీ అదే. అదే బావి, అదే లోతు, అదే పేరు. మల్లేశం గొంతు తగ్గించి, “రాజన్న ఇంక కొలుస్తనే ఉన్నడు,” అన్నాడు. అప్పట్నుంచి అటువైపు వెళ్ళే జీపు ఎక్కలేదు. నేనూ పట్టపగలే తలుపు తీసిపెట్టుకుని కూర్చునేవాణ్ణి.

మూడో గురువారం కాగితం ముదీర్ చేతికి వెళ్ళింది. మా మేనేజరైన ఆయనకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఖాజా ఒళ్ళు వంచలేక పాత అంకెలే దించుతున్నాడని తేల్చి, “ఖలాస్, వీసా కాన్సిల్,” అన్నాడు.

ఆ మధ్యాహ్నం డిస్కు వెతికాను. ఖాజా ఎక్కించిన కొత్త కొలతలన్నీ భద్రంగా ఉన్నాయి. ప్రోగ్రామ్ వాటిని చదవనే లేదు. కొలతల ఫైలు ఏ డైరెక్టరీలో, అంటే డిస్కులోని ఏ అరలో, ఉందో నేను పూర్తి చిరునామా ఇవ్వలేదు. రెండు చుక్కలు పెట్టి, “ఇప్పుడున్న డైరెక్టరీలోంచి ఒక మెట్టు బయటికొచ్చి, పక్కనున్న డేటా డైరెక్టరీలో చూడు” అన్నట్టు రాశాను. రాజయ్య బతికుండగా మొత్తం పనికి ఒక నకలు తీసి ఇంకో డైరెక్టరీలో దాచాను. అందులోనూ అదే ప్రోగ్రామ్, దాని పక్కన డేటా. ఆ మూడు గురువారాలూ ఉదయం పాత అంకెలు చూసుకోవడానికి నేనే అదే కంప్యూటర్‌లో ఆ నకలు డైరెక్టరీలోకి వెళ్ళి, వెనక్కి రాకుండా లేచి వెళ్ళిపోయేవాణ్ణి. ఆ రోజుల్లో తెర మీద ఏ డైరెక్టరీలో ఉన్నామో కనబడేది కాదు. ఖాజా వచ్చి, నేను నేర్పినట్టే ప్రోగ్రామ్ పేరు కొట్టేవాడు; అది పక్కనున్న పాత అంకెలే చదివి, పైన ఆ రోజు తేదీ వేసేది. ఎక్కడుండి కొట్టాలో నేను నేర్పలేదు.

ఆ సాయంత్రమే ప్రోగ్రామ్ ముందు తన చోటికి తానే చేరేలా మార్చాను. ప్రతి ప్రింటు పైన, ఏ డైరెక్టరీలోంచి చదివిందో పడేలా చేశాను. ఇప్పటికీ ఆ వరుస లేకుండా ఏదీ రాయను. ముదీర్ గది దాకా వెళ్ళాను కూడా. నా కాంట్రాక్టు ఆ వారమే పొడిగించాలి. తలుపు తట్టకుండా తిరిగొచ్చాను.

వెళ్ళే రోజు ఖాజా నా చెయ్యి పట్టుకుని, “మీరన్నా నమ్మండి సార్,” అన్నాడు.

“నమ్ముతున్నాను,” అన్నాను. అంతే.

కిందటేడు నెల్లూరులో ఖాజా ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి అంతా చెప్పాను.

“అయితే రాజయ్య కాదన్నమాట,” అన్నాడు ఖాజా. “నా చేతులే నాకు తెలీకుండా కొట్టాయేమోనని ఇన్నేళ్ళూ భయపడతా ఉన్నా సార్.”

“తప్పు నాది ఖాజా భాయ్. మీది కాదని తెలిసీ మిమ్మల్ని విమానం ఎక్కనిచ్చాను. నన్ను క్షమించండి.”