నేను గీసిన యంత్రం

మా అత్తవారింట్లో ముందుగది గోడకి రెండు పటాలుండేవి. ఒకటి లక్ష్మీదేవిది, రెండోది ఇంగ్లీషు చక్రవర్తిగారిది. మా ఆయన నర్సీపట్నం తాలూకా కచేరీలో గుమాస్తా. అంచేత చక్రవర్తిగారు గోడ మీద ఉండి తీరాల్సిందే. ఆ రెండు పటాలకీ మధ్య రెండడుగుల ఖాళీ గోడ ఉండేది. ఈ గొడవంతా ఆ ఖాళీ గోడ గురించే. పంతొమ్మిదివందల ఇరవైల నాటి మాట ఇది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పటికి నాకు పద్ధెనిమిదేళ్ళు. మా అత్తగారు కూతురి పురుడికని రావికమతం వెళ్ళి రెండు నెలలు అక్కడే ఉండిపోయారు. ఆయన కచేరీకి వెళ్ళాక సాయంత్రం దాకా ఇంట్లో నన్ను అడిగేవాళ్ళు లేరు. నాకు ముగ్గులు బాగా వచ్చు. మా పుట్టింటి వీధిలో అమ్మలక్కలు నా ముగ్గు చూసుకుని మరీ తమ వాకిట్లో వేసుకునేవారు. కాని ముగ్గుతో నాకు మొదటినుంచీ పేచీయే. చుక్కలు పెట్టాలి, ఆ చుక్కల చుట్టూనే తిరగాలి, ఇటు ఎంతుంటే అటూ అంతే ఉండాలి. ఇంతా చేస్తే పొద్దెక్కేసరికి అందరూ తొక్కేస్తారు. చుక్కల్లేకుండా గీస్తే ఏమవుతుంది, ఇటున్న బరువు అటు లేకపోతే ఏమవుతుంది అని నాకు ఒకటే దురద. ఎవరితోనైనా అంటే నవ్వుతారని అనలేదు.

పెరట్లో సామాన్లు వచ్చిన దేవదారు పెట్టె మూత ఒకటి పడి ఉంది. దాన్ని ఇసకతో రుద్ది, సున్నం పూశాను. నీలిమందు, ఎర్ర జేగురు, దీపపు మసి తుమ్మజిగురులో కలిపి రంగులు చేసుకున్నాను. గీతలకి ఆయన రూళ్ళకర్ర, గుండ్రానికి మరచెంబు మూత. ఎడమ పక్కన కింది నుంచి పై దాకా పొడుగాటి నీలం త్రికోణం. దాని వెనకనుంచి వస్తూ నల్లటి సగం సున్నా. కుడి పక్కంతా తెల్లగా వదిలేశాను. ఆ తెలుపులో ఒక్క చిన్న ఎర్ర చదరం పెట్టాలి. ఎక్కడ? ఎర్ర కాగితం ముక్క ఒకటి కత్తిరించుకుని పన్నెండు రోజులు దాన్ని అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను. రెండు పూటలు అన్నం మాడ్చాను కూడా. మధ్యలో పెడితే చచ్చుగా ఉంది. మూలకి పెడితే పారిపోతున్నట్టుంది. పదమూడో రోజున కుడి అంచుకి నాలుగు వేళ్ళ దూరంలో, కాస్త ఒరిగినట్టు పెట్టి చూశాను. అమ్మయ్య! బొమ్మ నిలబడింది. అక్కడే జేగురుతో వేసేశాను.

అది దేని బొమ్మా కాదు. చెట్టు కాదు, మనిషి కాదు, దేవుడు అసలే కాదు. కాని నా జన్మలో నేను చేసిన పనుల్లో పూర్తిగా నాది అనుకున్నది అదొక్కటే.

మా ఆయన చూసి నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. తలపాగా అయినా తియ్యకుండా చాలాసేపు చూశారు. "ఇదేటో నాకు తెలీదు గాని, సూస్తుంటే ఇంకా సూడాలనిపిస్తందే" అన్నారు. గోడకి తగిలించమని నేను అడగలేదు. ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను, నేను అడగలేదు. ఆయనే పక్కింటికెళ్ళి సుత్తి తెచ్చి, లక్ష్మీదేవికీ చక్రవర్తిగారికీ మధ్య మేకు కొట్టి, తాడు కట్టి తగిలించారు. నేను గుమ్మంలో నిలబడి "కొంచెం ఎడమకండీ" అంటే ఎడమకి జరిపారు. ఆ వారమంతా ఏదో ఒక వంక పెట్టుకుని వంటింట్లోంచి ముందుగదిలోకి తిరుగుతూనే ఉన్నాను. అంత వెర్రి ఆనందం మళ్ళీ ఎరగను.

ఆ ఆదివారం ఆయన పై అధికారి మా ఇంటికి వచ్చారు. కొత్తగా బదిలీ మీద వచ్చిన మనిషి. బూట్లతోనే లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని తలుపు చాటున ఉన్నాను. అధికారిగారి చూపు గోడ మీద పడింది.

"ఇదేటండీ? దేశం మేపా?" అన్నారు.

ఇప్పుడు చెబుతారు, మా ఆవిడ వేసిందండీ అంటారు అని చెవులు రిక్కించాను. మా ఆయన రెండుసార్లు గొంతు సవరించుకున్నారు. "యంత్రమండీ. కాశీ నుంచి ఒక స్వామివారు బలిఘట్టం వచ్చినప్పుడు ఇచ్చేరండీ" అన్నారు.

అధికారిగారు ఉలిక్కిపడి లేచారు. గబగబా బయటికెళ్ళి, బూట్లు విప్పి, కాళ్ళు కడుక్కుని వచ్చి, నా మరచెంబు మూత సున్నాకి చేతులెత్తి దణ్ణం పెట్టారు. నవ్వొచ్చే సంగతే. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

అధికారిగారు వెళ్ళాక మా ఆయన్ని అడిగాను, "అలా ఎందుకన్నారండీ?"

"మరేటనమంటావు? పెళ్ళాం గీసిన గీతలు లక్ష్మీదేవి పక్కన తగిలించుకున్నాడని కచేరీ అంతా నవ్వరా? ఓ మాట అనీసేను, అయిపోయింది. ఇంక ఆ మాట ఒగ్గీ" అన్నారు.

అయిపోలేదు. అధికారిగారు పదిమందికి చెప్పారు. అత్తగారు రావికమతం నుంచి బండి దిగేసరికి వీధిలో వాళ్ళు ఆవిడకి ఎదురెళ్ళి మరీ చెప్పారు. ఆవిడ మూట అయినా దించకుండా యంత్రానికి సాష్టాంగపడ్డారు. నేను మా ఆయన మొహంలోకి చూశాను. కన్నతల్లి దగ్గరైనా నిజం చెబుతారనుకున్నాను. ఆయన బుద్ధిమంతుడిలా తల్లి పక్కన నిలబడి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు.

ఇక చూడండి సంబడం. రోజూ పసుపు, రోజూ కుంకుమ, రోజూ హారతి. నీలం త్రికోణం శివుడట, నల్లటిది అమ్మవారట. కుడి పక్క నా ఎర్ర చదరం అమ్మవారి మూడో కన్నట! మూడో కన్ను గనక బొట్టు అక్కడే పెట్టాలి. పన్నెండు రోజులు వెతికి పట్టుకున్న చోటు నెల తిరక్కుండా కుంకుమ కింద కప్పబడిపోయింది. పసుపునీళ్ళకి తుమ్మజిగురు కరిగి నీలం కారింది. అత్తగారు అది చూసి, "అమ్మవారు కరిగిందే!" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నాతవరం నుంచి ఒక రైతావిడ కొబ్బరికాయతో వచ్చింది. కోడలికి కడుపు నిలవడం లేదని ఏడుస్తూ ఆ చెక్క కింద తల ఆనించింది. ఆ పిచ్చితల్లితో నేనేం చెప్పను?

ఆవిడ వెళ్ళాక ఉండబట్టలేకపోయాను. "అత్తయ్యా, అది యంత్రమూ కాదు, మంత్రమూ కాదు. పెట్టె మూత మీద నేను గీసేను. మీ అబ్బాయిని అడగండి" అన్నాను.

అత్తగారి మొహం నల్లబడిపోయింది. "ఏటన్నావు? అమ్మవార్ని నువ్వు గీసేవా? కళ్ళు పోతాయే! లెంపలేసుకో, బేగి!"

మా ఆయన అక్కడే, అదే గదిలో, పత్రిక చదువుకుంటున్నారు. నేను ఆయన వంకే చూస్తూ నిలబడ్డాను. పత్రిక దించలేదు. నేను గీసిన గీతల ముందు నేనే నిలబడి, తప్పయిపోయిందని లెంపలు వేసుకున్నాను. అంతకు మించిన అవమానం ఇంకోటి ఉంటుందా? ఏమో, నాకు మాత్రం తెలీదు.

ఆ నెల నేను బయట చేరాను. ఆ మూడు రోజులూ వెనక వసారాలో చాప, వేరే కంచం, ఇవి మామూలే. ఈసారి కొత్తగా, "ముందుగది వైపు సూడను కూడా సూడకు, యంత్రముంది" అన్నారు అత్తగారు. అప్పుడు తట్టింది నాకు. ముట్టుకుంటే అది మైలపడిపోతుంది. మైలపడితే ఇంక దేవుడు కాదు. దేవుడు కాకపోతే ఇంకేమవుతుంది, నా బొమ్మే అవుతుంది. నా చెక్క నాకు పారేస్తారు. రెండో రోజు పొద్దున్న అత్తగారు నూతి దగ్గర ఉండగా తిన్నగా ముందుగదిలోకి వెళ్ళి రెండు అరచేతులూ దాని మీద పెట్టాను. గోటితో కుంకుమ గీకి ఎర్ర చదరం కోసం వెతికాను. ఇంకా అక్కడే ఉంది, ఒక మూల కాస్త మిగిలింది. వెనకనుంచి అత్తగారి కేక వినపడింది.

తిట్లు ఎలాగూ తిన్నాను, వాటి మాట వదిలేయండి. నేను పప్పులో కాలేసింది వేరే చోట. మైలపడ్డ దేవుణ్ణి ఎవరూ గీసినవాళ్ళకి తిరిగివ్వరు. ఏట్లో కలుపుతారు. మా ఆయనే దాన్ని కొత్త తువ్వాలులో చుట్టి, చెప్పుల్లేకుండా బలిఘట్టం ఏటికి నడిచివెళ్ళి వదిలి వచ్చారు. నేను వసారాలోంచి చూస్తూనే ఉన్నాను.

ఇరవై రోజులైందో లేదో, అధికారిగారు భార్యని తీసుకుని యంత్రం దర్శనానికి వస్తామని కబురు పెట్టారు. వారం తిరక్కుండా ఒక సాయంత్రం మా ఆయన వంటింట్లోకి వచ్చారు. చంకలో నున్నగా చిత్రికపట్టిన చెక్క. చేతి సంచిలో విశాఖపట్నం నుంచి తెప్పించిన రంగు డబ్బాలు, మూడు కుంచెలు. నిజం కుంచెలు. అలాంటివి నేను అంతకు ముందు చూడనైనా లేదు. చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది.

"అలాటిదే ఇంకోటి గీసీవే. స్వామివారు మళ్ళీ పంపేరని అమ్మతో సెప్పీస్తాను" అన్నారు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "నేనెలా గీస్తానండీ? అది స్వామివారిచ్చింది కదా" అన్నాను.

ఆయన గుమ్మం వైపు ఒకసారి చూసుకున్నారు. నా దగ్గరికి జరిగి, గొంతు బాగా తగ్గించి, "అది నువ్వు గీసిందేనే" అన్నారు.

"ఆ మాటే కాస్త గట్టిగా అనండి. ముందుగదిలో అత్తయ్య ఉన్నారు, వినపడాలి. అంటే ఇప్పుడే కూర్చుని గీస్తాను" అన్నాను.

పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. గంజి వార్చేదాకా చూశాను. ఆయన అనలేదు. నేను గియ్యలేదు. ఆ రంగులు మూత తియ్యకుండా డబ్బాల్లోనే ఎండిపోయాయి.