బానీ లార్క్‌ని నేనేనంటూ వచ్చిన తొమ్మిదో ఆవిడ

ఏక్రన్ ఊళ్లో టైర్ల ఫ్యాక్టరీలు మూతపడ్డాయి గాని రికార్డుల పిచ్చి మూతపడలేదు. పాత పాటల రికార్డులమ్మే ఎమెట్ గ్రేడీ దుకాణమే అందుకు సాక్ష్యం. అక్కడ కిటికీ పక్క కుర్చీ నాది. నలభై ఏళ్లు ఓడరేవులూ రైలు స్టేషన్లూ పట్టుకు తిరిగి చివరికి ఈ ఊళ్లో ఆగిపోయాను. కుర్చీ మెత్తగా ఉండటం తప్ప వేరే కారణం లేదు.

ఎమెట్‌కి అరవై దాటాయి. రాక్ పాటలు కొత్తగా పుట్టిన రోజుల్లో ఒకటో రెండో పాటలు పాడి మాయమైపోయిన ఆడపిల్లల్ని వెతకడమే పన్నెండేళ్లుగా అతని పని. అప్పటి చిన్న కంపెనీలవాళ్లు ఓ పిల్లని ఒక మధ్యాహ్నం పాడించి, తమకు తోచిన పేరు తగిలించి, పాట ఆడకపోతే ఇంటికి పంపేసేవాళ్లు. కొత్త ఓడకి పేరు పెట్టేటప్పుడైనా దాని ముక్కుకేసి ఓ సారా సీసా పగలగొట్టడం చూశాను. ఈ పిల్లలకి ఆ మాత్రం మర్యాద కూడా జరగలేదు. అలాంటి పద్నాలుగు మంది పాటలతో ఎమెట్ పెద్ద రికార్డు వేస్తున్నాడు. పదమూడు మంది అసలు పేర్లు దొరికాయి. ‘నీ కోటు నా దగ్గరే ఉంది’ అనే పాట పాడిన బానీ లార్క్ ఎవరో మాత్రం అంతు చిక్కలేదు. రేడియోలో పాట వేయించి అడిగిస్తే ఎనిమిది మంది “అది నేనే” అంటూ దిగారు. ఎవరి గొంతూ కలవలేదు. రికార్డు అట్ట శుక్రవారం అచ్చుకి పోవాలి.

గురువారం పొద్దున తొమ్మిదో ఆవిడ వచ్చింది. వెర్నా హూడాక్, ఎనభై ఒక్కేళ్లు. ముప్ఫై నాలుగేళ్లు బడి వంటగదిలో పిల్లలకి బంగాళదుంప ముద్ద వడ్డించిన చెయ్యి.

“ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక్కసారి చెప్పాను నాయనా, నేను రికార్డు పాడానని. రిటైరయ్యేదాకా ‘బానీ, గరిటె అందుకో, అదే నీ మైకు!’ అంటూ ఏడిపించారు. ఇక నోరెత్తితే ఒట్టు. రికార్డు చూపిద్దామంటే, నేనొక్కసారైనా వినకముందే మా తమ్ముడు దాన్ని ఎవరో అమ్మాయికిచ్చేశాడు. మా ఆయనైతే పోయేదాకా ‘కోతలు కొయ్యకు వెర్నా’ అనేవాడు.”

“ఒక ముక్క పాడండి మేడం,” అన్నాడు ఎమెట్.

పాడింది. గొంతు చిక్కగా, బరువుగా, తాపీగా ఉంది. ఎమెట్ తల అడ్డంగా ఊపాడు.

“వయసుతో గొంతు దిగుతుంది, ఒప్పుకుంటా. కానీ పాట నడకే వేరండీ. ఆ పిల్ల చకచకా పాడుతుంది. మీరు నానుస్తున్నారు.”

“నేను పుట్టిందే నానుస్తూ. ఏదీ, పాట పూర్తిగా ఒక్కసారి వినిపించు. రేడియోలో చివరి ముక్కే విన్నాను.”

ఎమెట్ రికార్డు పెట్టాడు. వింటున్నకొద్దీ ఆవిడ మొహం వాడిపోయింది.

“బస్సు తప్పిపోతున్నట్టు పాడుతోందేంటి ఈ పిల్ల? మాటలు నావే. గొంతు నాది కాదు.” సంచీ తీసుకుని లేచింది. “మా ఆయన అన్నదే నిజమేమోలే. ఆ పియానో కూడా మాది కాదు. చర్చి కింద హాల్లో పాడాం, అక్కడి పియానో గుమ్మంటూ మోగేది. ఇది కీచుమంటోంది.”

“ఆగండాగండి, పియానో ఏమంటోందన్నారు?”

ఎమెట్ గోడ మీది గిటారు లాక్కున్నాడు. ఆర్నెల్లుగా ఆ పాటతో కలిపి వాయించబోతే పాట శ్రుతి గిటారు మీది రెండు మెట్ల మధ్య ఇరుక్కుపోయేది. తప్పు గిటారుదని రెండుసార్లు తీగలు మార్చాడు కూడా.

“పద్నాలుగు వేల రికార్డులు విన్నవాడివి, తప్పు గిటారుదనుకున్నావా?” అన్నాను.

“నోర్ముయ్యి ముసలాడా! పిల్ల గొంతు ఇంకా లేతగా వినబడాలని టేపుని జోరుగా తిప్పి రికార్డులోకి ఎక్కించారు! అందుకే పియానో శ్రుతి కూడా పైకి జరిగింది!”

అప్పట్లో అది మామూలే. ఈ వ్యాపారంలో అందరికీ తెలుసు. కానీ రికార్డులు పోగేసేవాళ్లకి తొలి అచ్చు రికార్డంటే వేదం. మనుషులనైనా అనుమానిస్తారు గాని దాన్ని అనుమానించరు.

యంత్రం పక్కనున్న వేగం మీటని ఎమెట్ కొంచెం కొంచెంగా కిందికి లాగుతూ తీగ మీటాడు. కుదరలేదు. ఇంకా లాగాడు. మీట దాదాపు అట్టడుగుకి చేరేసరికి పియానో శ్రుతి వచ్చి గిటారు మీద వాలింది. ముల్లు మళ్లీ మొదట్లో పెట్టాడు.

పదిహేడేళ్ల వెర్నా పాడటం మొదలుపెట్టింది. చిక్కగా, తాపీగా, ఒక్కో మాటా నానుస్తూ. రెండో వరసలో ‘నీ’కీ ‘కోటు’కీ మధ్య పిల్ల ఊపిరి తీసుకుంది. ఇటు పెద్దావిడా సరిగ్గా అక్కడే తీసుకుంది. సంచీ జారి కిందపడింది, పట్టించుకోలేదు. ఇద్దరూ కలిసి పాట ముగించేసరికి నేను కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాను. నా మోకాళ్లకి అది చిన్న సంగతి కాదు.

“నేనే! విన్నారా, నేనే!” అంటూ ఆవిడ నా భుజం మీద చరిచింది.

ఎమెట్ అప్పటికే అచ్చాఫీసుకి ఫోన్లో అరుస్తున్నాడు: “అట్ట ఆపండి! ఆమె దొరికింది! పాట కూడా సరైన వేగంలో మళ్లీ పంపిస్తున్నా!” ఆమె వైపు తిరిగాడు. “పేరు చెప్పండి మేడం. వెర్నా హూడాక్ అనేగా?”

“వెర్నా టోమ్‌కో అని వెయ్యి. అది మా పుట్టింటి పేరు. హూడాక్‌గారు నమ్మలేదుగా, మధ్యలో ఆయన పేరెందుకు?” అని, ఫోన్ దగ్గరికి వంగి గట్టిగా అంది: “పెద్ద అక్షరాలు, బాబూ!”