ఖైరున్నిసా ఆపా కట్టిన కాగితపు ఇల్లు

మొన్న పొద్దున మా కామారెడ్డి ఇంటి ప్రహరీకి ఎవరో పోస్టరు అంటిస్తున్న చప్పుడైతే, నాలుగు తిట్టి పంపిద్దామని కొంగు బిగించి బయటికి వెళ్లాను. గోడకు సున్నం వేయించి ఎన్నాళ్లో కాలేదు, ఒళ్లు మండదా మరి! గేటు తీయగానే అతని బకెట్లోంచి వాసన వచ్చింది. ఉడికిన మైదాపిండి, పురుగు పట్టకుండా అందులో కలిపే మైలుతుత్తం, కొంచెం అడుగంటిన మాడు. తిట్టు నోట్లోనే ఆగిపోయింది. అతను బ్రష్షు పట్టుకుని "తీసెయ్యాల్నా అమ్మా?" అంటూ బిత్తరపోయి చూస్తున్నాడు. "ఉండనీ. మూలలు ఊడకుండ మంచిగ ఒత్తు" అన్నాను. వరండాలో పేపరు చదువుతున్న మావారు, ఈవిడకు ఇవాళ ఏమైందన్నట్టు కళ్లజోడు పైనుంచి చూశారు. ఏమీ కాలేదు. ఖైరున్నిసా ఆపా గుర్తొచ్చింది, అంతే.

ఎనభైల మొదట్లో నాకు ఎల్లారెడ్డిలో ప్రాథమిక పాఠశాల టీచరు ఉద్యోగం వచ్చింది. అమ్మ చేతి వంట తింటూ పెరిగినదాన్ని, అప్పటిదాకా మా ఊరు తాడ్వాయి దాటి వెళ్లిందే తక్కువ. బస్సు దిగిన రోజే బదిలీ ఎప్పుడవుతుందా అని ఆరా తీయడం మొదలుపెట్టాను. నాకు అద్దెకు దొరికిన గది పక్క వాటాలో ఖైరున్నిసా ఆపా ఉండేది. నాకంటే పదేళ్లు పెద్ద. భర్త ఇస్మాయిల్ సౌదీలో సెంట్రింగ్ పని చేసేవాడు. ఇంట్లో ముసలి అత్తగారు, మునీరా అనే కూతురు. మునీరా మా బళ్లోనే చదువుతుండడంతో ఆపా మొదటి సాయంత్రమే నన్ను చాయ్‌కి పిలిచింది. కప్పు అందుకోబోతూ గోడ గూట్లోకి చూశాను కదా, అక్కడ ఎల్లారెడ్డి బస్టాండు కూర్చుని ఉంది! జానెడు పొడుగు. బల్లలు, రేకుల కప్పు, కంట్రోలరు కూర్చునే గది, దానికి వేలు కూడా పట్టని కిటికీ. అన్నీ కాగితమే. ఒక స్తంభానికి మాత్రం కింద పెచ్చులూడి ఉన్నాయి.

"ఇది ఎవరు చేశారు ఆపా?"

"నేనే. పొద్దువోక చేస్త."

"అంత బాగా చేసి, ఈ స్తంభానికి పెచ్చులెందుకు ఊడగొట్టారు?"

"నేనెందుకు ఊడగొడ్త టీచరమ్మా? ఆడ ఊడింది, గందుకే ఈడ గూడ ఊడింది" అని పకపకా నవ్వింది.

ఆ నవ్వుతోనే నేను ఆవిడకు చిక్కిపోయాను. బడి వదలగానే మొహం కడుక్కుని ఆ గుమ్మంలో వాలేదాన్ని. ఆపా సరంజామా అంతా మంచం కింద ఒక రేకు పెట్టెలో ఉండేది. చెప్పుల డబ్బాలు, పాత పెండ్లికార్డులు, సబ్బు అట్టలు, సగానికి విరిచిన గడ్డం బ్లేడు, సిరా అయిపోయిన రీఫిల్లు. కొలతలకు టేపు లేదు. బస్సు కోసం చూస్తున్నట్టు బస్టాండులో నిలబడి, స్తంభాల మధ్య ఎన్ని అడుగులు పడతాయో నడిచి చూసుకుని వచ్చేదట. అక్కడ ఒక అడుగు ఇక్కడ ఒక గోరు. మునీరా బడి స్కేలు తీసుకుని ఆపా అట్ట మీద గోడలన్నీ పరిచినట్టు గీసేది. ఎక్కడ మడవాలో అక్కడ ఖాళీ రీఫిల్లుతో గట్టిగా గీత లాగేది, అట్ట అప్పుడు చెప్పినట్టు వింటుంది. ఉడికిన మైదాపిండితో గోడకు గోడ అంటించడానికి అంచున వదిలే చిన్న మడతలను 'చెవులు' అనేది. సన్నటి పట్టీని అటొకసారి ఇటొకసారి మడిచి మెట్లు చేసేది. కిటికీ అద్దాలకు పతంగి కాగితం. చివరికి, అట్ట కోసిన చోట తెల్లగా కనిపించే అంచులన్నిటికీ చాయ్ డికాక్షను అద్దేది. ఆ పని పూర్తయ్యేదాకా దాన్ని ఇల్లు అనేది కాదు. "తెల్ల అంచు కనవడ్డదా, గది ఇల్లు గాదు, డబ్బా" అనేది.

నేనూ మా బడి చేస్తానని కూర్చున్నాను. నాకు ఓపిక తక్కువ, ఇప్పటికీ తక్కువే. నాలుగు గోడలూ చకచకా అంటించేసి, కప్పు కూడా వేసేసి, అప్పుడు నల్లబల్ల గుర్తొచ్చి లోపలికి చేయి పెట్టబోతే ఎక్కడ పడుతుంది? ఆపా పక్కన కూర్చుని చూస్తూనే ఉంది.

"ముందే చెప్పొచ్చు కదా ఆపా!" అని ఉక్రోషపడ్డాను.

"చెప్తె నీకు యాదికుంటదా? ఇప్పుడైతె జన్మల మరువవు. అంటించుడు ఆఖరి పని బిడ్డా. ముందుగాల కండ్లు మూసుకొని లోపల తిరిగి రావాలె."

నిజమే, మరువలేదు. ఆ తర్వాత నా క్లాసులో పాఠం చెప్పే తీరే మారింది. పిల్లవాడు ఎక్కడ తికమక పడతాడో ముందుగా నేను వెళ్లి అక్కడ నిలబడి చూసి వచ్చేదాన్ని. బదిలీ కోసం ఆరా తీయడం కూడా ఎప్పుడు మానేశానో నాకే తెలియదు.

ఆ వేసవిలో ఆపా బావగారు యూసుఫ్, ఒక మేస్త్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇస్మాయిల్‌కి అన్న, ఇంటికి పెద్ద దిక్కు. రోడ్డు పక్కన కొన్న జాగాలో వానలు పడకముందే తమ్ముడి ఇంటికి పునాది తీయించాలని ఆయన ఆరాటం. మేస్త్రి పుల్లతో వాకిట్లోనే నక్ష గీశాడు. ముందు వరసగా మూడు దుకాణాలు, వెనక ఒక పొడుగాటి హాలు, ఆ చివర మూలకు వంటిల్లు, గుసల్‌ఖానా పెరటి అవతల. యూసుఫ్ చెడ్డవాడు కాడు, తమ్ముడికి కిరాయిలు రావాలనే చూశాడు. కాని ఆపా మొహం వాడిపోయింది. మోకాళ్ల నొప్పులతో ఉన్న అత్తగారు స్నానానికి పెరడంతా దాటాలి. వంటింట్లో పొగ పోయే దారే లేదు. మూడు వైపులా పరాయి గోడలు, ఆడవాళ్లకు ఎండ పొడ కూడా తగలదు.

"మీరు చెప్పొచ్చు కదా" అన్నాను, వాళ్లు వెళ్లిపోయాక.

"చెప్పిన. ఆయన వద్దంటలేడు టీచరమ్మా, ఇస్మాయిల్ ఊ అంటె నాకేంది అంటుండు. ఈయనేమో, నాకు నక్ష సమజ్ గాదు, భాయ్ ఎట్లంటె గట్ల అని క్యాసెట్ల చెప్పి పంపిండు. ఇద్దరు మంచోళ్లే. నడుమ ఇల్లే ఆగమైతుంది."

అప్పట్లో సౌదీ మనుషులకూ ఇంటివాళ్లకూ మధ్య మాటలన్నీ క్యాసెట్లలోనే నడిచేవి. ఎవరో సెలవు మీద వచ్చేవాళ్లు ఒకటి తెచ్చేవారు, తిరిగి పోయేవాళ్లు ఒకటి పట్టుకుపోయేవారు. తాడ్వాయి మనిషి ఒకాయన త్వరలోనే తిరిగి సౌదీ వెళ్తున్నాడని తెలిసింది. ఆపా మర్నాడు సాయంత్రం నా తలుపు తట్టింది. "నక్ష సమజ్ గాదు గని, ఇల్లు సమజ్ అయితది గదా! ఇల్లే పంపుత" అంది.

ఇల్లు సూట్‌కేసులో పడుతుందా? పడదు. అందుకే విడివిడిగా, గోడకు గోడ పరిచి, బట్టల మడతల మధ్య పట్టేట్టు పంపాలి. అక్కడ ఇస్మాయిల్ అంటించుకోవాలి. ఆయనకు చదువు రాదు, నంబర్లు వేస్తే లాభం లేదు. ఆపా ఏం చేసిందనుకున్నారు? ప్రతి చెవి మీదా ఒక బొమ్మ వేసింది. చెవి మీద మిరపకాయ ఉంటే, మిరపకాయ ఉన్న గోడకే అంటించాలి. చందమామకు చందమామ, దువ్వెనకు దువ్వెన, తాళంచెవికి తాళంచెవి. నడుమ ఆకాశం కనిపించే వాకిలి, అత్తగారి అర్రకు ఆనుకుని గుసల్‌ఖానా, వంటింటికి తూర్పు కిటికీ, బావగారు వస్తే పడుకోవడానికి ముందు గదిలో అగ్గిపెట్టెంత మంచం కూడా. కప్పు మాత్రం అంటించకుండా మూతలా ఎత్తేట్టు చేసింది. చూస్తుంటే నాకు కళ్లు చెదిరాయి. ఇంత తల ఈ మనిషి చెప్పుల డబ్బాల మీద వంచి కూర్చుందే అని ఒకవైపు గర్వం, ఒకవైపు దుఃఖం.

క్యాసెట్ రికార్డు చేస్తున్నప్పుడు బటన్ నొక్కే పని నాది. "ముందుగాల మిరపకాయలవి తియ్యి. మైదాపిండి పలుచగ ఉడకబెట్టు, గంజి లెక్క గావద్దు..." అని ఆపా మెల్లగా చెబుతుంటే, పక్కనుంచి అత్తగారు "వాన్ని కడుపునిండ తినుమని చెప్పవే, పిండంత గోడలకే పూస్తడేమో!" అని కేకేసింది. అదీ రికార్డయింది. చెరిపేద్దామంటే ఆపా ఒప్పుకోలేదు. "ఉండనీ, ఇంట్ల మనుషులు గూడ పోవాలె గదా" అంది.

క్యాసెట్, కాగితపు గోడలు పట్టుకుని తాడ్వాయి మనిషి వెళ్లిపోయాడు. ఇక ఎదురుచూపు. యూసుఫ్‌కి విషయం చెబితే నవ్వాడు కాని, జవాబు వచ్చేదాకా ఆగుతానన్నాడు. "మబ్బులు కమ్మితే మాత్రం ఆగనమ్మా" అని కూడా అన్నాడు. ఆపా రోజూ పొద్దున లేచి మొదట ఆకాశం చూసేది. సబ్బు అట్టలు ముట్టుకోలేదు, బ్లేడు పట్టుకోలేదు. కాగితాలు తడిశాయో, చిరిగాయో, అక్కడివాళ్లు చూసి నవ్వారో అని ఆవిడ దిగులు. ఆ దిగులు నాకూ అంటుకుంది.

మాచారెడ్డి మనిషి ఒకతను సెలవు మీద వస్తూ ఒక అట్టపెట్టె, ఒక క్యాసెట్ తెచ్చి ఇచ్చాడు. అప్పటికే ఒకటి రెండు చినుకులు పడ్డాయి. యూసుఫ్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. టేపు రికార్డరు చుట్టూ మేమంతా చేరాము. ఇస్మాయిల్ వాళ్లింటి ఉర్దూలోనే మాట్లాడాడు. నాకు మాత్రం తెలుగులోనే గుర్తుంది.

"భాయ్, సలాం. ఇల్లు కట్టినం. మా రూములోల్లందరం కలిసి కట్టినం. చందమామ చెవి ఒకటి తప్పువడితె మళ్ల ఊడదీసినం. కప్పు లేపి చూసిన. అమ్మ అర్ర పక్కనే గుసల్‌ఖానా ఉంది, నాకు పానం లేసొచ్చింది. భాయ్, నువ్వొస్తె పండే మంచం గూడ ఉంది. గిదే కట్టియ్యి." ఆపా గుండెల మీద చేయి వేసుకుంది. టేపు కాసేపు గరగరలాడి మళ్లీ పలికింది. "గని మునీరా వాళ్లమ్మా, ఇల్లంత ఏలుతోని తిరిగిన. అందరు యాడ ఉంటరో దొరికింది, నువ్వు యాడ గూసుంటవో దొరకలే. నీ కాయితాలు, నీ కత్తెర యాడ వెడ్తవు? మళ్ల మంచం కిందనేనా? గందుకే ఒక అర్ర నేనే చేసిన. నీ లెక్క రాలే. నవ్వకు."

అట్టపెట్టె విప్పాము. ఇల్లు నిలబడి ఉంది. మెట్ల పక్కన, ఆపా గీయని చోట, పచ్చ సబ్బు అట్టతో చేసిన చిన్న గది. అరబ్బీ అక్షరాలు బయటికే కనిపిస్తున్నాయి. అంచులన్నీ తెల్లగా, పిండి ఉబ్బి, గోడ ఒక పక్కకు ఒరిగి, కిటికీ మాత్రం ఇంత పెద్దది. అన్ని గదుల్లోనూ కళ్లు మూసుకుని తిరిగిన మనిషికి తనకొక చోటు కావాలని తట్టనే లేదు. పక్కనే కూర్చున్న నాకూ తట్టలేదు. ఆపా ఆ గదిని వేలితో ముట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "అర్ర కట్టిస్తుంటె ఏడుస్తవేందే పిచ్చిదానా!" అని గదమాయించి, అత్తగారు తనూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

యూసుఫ్ చాలాసేపు కప్పు ఎత్తి లోపలికి చూశాడు. "దుకాణం ఒక్కటి చాలు తియ్యి" అన్నాడు చివరికి. మర్నాడే ఆ కాగితపు ఇల్లును పళ్లెంలో పెట్టి, గొడుగు పట్టి జాగా దగ్గరికి మోసుకెళ్లారు. మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి, "గీ పచ్చ అర్ర గూడ కట్టాల్నా సాబ్?" అని అడిగాడు.

"ముందుగాల గదానికే ముగ్గు పొయ్యి" అన్నాడు యూసుఫ్.

వాన వచ్చేలోపు పునాది పడింది. ఆ సబ్బు అట్ట అంచులకు డికాక్షను అద్దుదామని నేను చాలాసార్లు అన్నాను, ఆపా మాత్రం ఒప్పుకోలేదు. నాకు కామారెడ్డికి బదిలీ అయ్యేనాటికి ఆవిడ కొత్తింట్లో తన గదిలో, ఆ పెద్ద కిటికీ వెలుతురులో, మా బడి కడుతోంది.

కామారెడ్డి వచ్చిన ఏడాదే నాకు పెళ్లిచూపులు జరిగాయి. అబ్బాయితో ఏమన్నా మాట్లాడతావా అని పెద్దవాళ్లు అడిగితే, "మీ ఇంట్లో నేనెక్కడ కూర్చుని చదువుకోవాలి?" అన్నాను. అమ్మ నా వైపు ఉరిమి చూసింది. ఆయన తడబడి, ఆలోచించి, "కిటికీ పక్క బల్ల నాది, మీకు ఇచ్చేస్తాను" అన్నారు. చేసుకున్నాను. ఇప్పుడు మా చుట్టాల్లో ఎవరు ఇల్లు మొదలుపెట్టినా నక్ష తెచ్చి నాకు చూపిస్తారు. పూజగది, కారు షెడ్డు, వచ్చేపోయేవాళ్ల గది అన్నీ ఉంటాయి. నేను ఇంటావిడను పక్కకు పిలిచి, ఇందులో నీ చోటేది అని అడుగుతాను. ఈవిడకు పనీపాటా లేదని నవ్వేవాళ్లే ఎక్కువ. ఎవరో ఒకరు మాత్రం నవ్వుతూ నవ్వుతూ ఆగి, నక్షను మళ్లీ తనవైపు తిప్పుకుని, వేలు పెట్టి వెతకడం మొదలుపెడతారు.