పెట్రోలు మూత మీద లక్క సీలు

చాయ్ కప్పు ముందుకు రాగానే తాగకుండా వాసన చూసే మనిషి కరీంనగర్‌లో ఒక్కడే ఉండేవాడు. డ్రైవర్ హనుమండ్లు. ఇంటికి తాళం వేసి నాలుగడుగులు పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి తాళం గుంజి చూసేవాడు. భార్య శంకరవ్వ ఏనాడైనా కూర కమ్మగా వండితే ముద్ద నోట్లో పెట్టుకోకుండానే, “ఏందే, ఇయ్యాల గింత మంచిగ వండినవ్? ఏం గావాలె నీకు?” అని అడిగేవాడు. ఆమె మొదట్లో నవ్వేది. తర్వాత ఏడ్చేది. ఆ తర్వాత కూరలు కమ్మగా వండడమే మానుకుంది.

పుట్టుకతో వచ్చిన గుణం కాదది. సిరిసిల్లలో నేతవాళ్ళ ఇంట పుట్టి, మగ్గం విడిచి, స్టీరింగు పట్టినవాడు. 1949లో కరీంనగర్ నుంచి జగిత్యాలకు ఒక ప్రైవేటు బస్సు నడిపేవాడు. అందులోనే తపాలా సంచులు పోయేవి. ఒకనాడు ఒక సంచి కోసి ఉంది. డ్రైవర్‌ను తీసుకుపోయి ఠాణాలో కూర్చోబెట్టారు, ఆరు దినాలు. ఆ ఆరు దినాల్లో అన్నదమ్ములు గడప తొక్కలేదు. బస్సు క్లీనర్ చాంద్‌పాషా మాత్రం రోజూ రొట్టెలు కట్టుకొని వచ్చి, “మా అన్న గసొంటోడు గాదు సాబ్” అని జమేదార్ ముందర నిలబడి తిట్లు తిని పోయేవాడు. చివరికి తేలిందేమిటంటే, ఆ సంచి బస్సెక్కేనాటికే దాని మీద సీలు లేదు. మిగతా సంచుల మీద లక్క చెక్కుచెదరలేదు. అందుకని హనుమండ్లును విడిచిపెట్టారు.

ఇంకొకడైతే చాంద్‌పాషా రొట్టెల్ని గుర్తుపెట్టుకునేవాడు. హనుమండ్లు లక్కను గుర్తుపెట్టుకున్నాడు. మనిషిని నమ్మితే మునుగుతాం, లక్కను నమ్మితే బతుకుతాం అని ఆనాడే తీర్మానించుకున్నాడు. ఏం మనిషో!

పన్నెండేళ్ళు గడిచాయి. చాంద్‌పాషా మెకానిక్ అయి బస్టాండు వెనక రేకుల షెడ్డు వేసుకున్నాడు. హనుమండ్లు దేవదాస్ డాక్టరుగారి దగ్గర డ్రైవరుగా కుదిరాడు. డాక్టరుగారికి ఒక నల్ల విలాయతీ కారు ఉండేది, ముప్ఫైల్లో తయారైనది. దాని రేడియేటరు కారేది, బ్రేకులు రెండుసార్లు తొక్కితే గాని పట్టేవి కావు, ఎడమ తలుపును తాడుతో కట్టేవాళ్ళు. ఆయన కొత్త కారు కొన్నాడు. ఊళ్ళో వకీళ్ళూ డాక్టర్లూ కాంట్రాక్టర్లూ కలిసి పెట్టుకున్న మోటారు క్లబ్బు అదే ఏడు, అంటే 1961లో, ఒక పోటీ పెట్టింది. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ పోవాలి, మరునాడు తిరిగి రావాలి. మూడు వందల మైళ్ళ పైమాట. రెండో రోజు సాయంత్రం అయిదు గంటల లోపల క్లబ్బు ముందర కారు నిలబడితే గెలిచినట్టు. డాక్టరుగారిని క్లబ్బులో అందరూ ఎగతాళి చేశారు, నీ పాతది జగిత్యాల కూడా దాటదని. ఆయనకు రోషం వచ్చింది.

“హనుమండ్లూ, నువ్వు, చాంద్‌పాషా పొండి. అయిదు లోపల తెచ్చి నిలబెడితే ఈ కారు మీ ఇద్దరికీ రాసిస్త. టాక్సీ నడుపుకొని బతకండి” అన్నాడు.

సొంత కారు! ఇంకొకరి తలుపు తీసి పట్టుకొని నిలబడే బతుకు ఆనాటితో సరి. హనుమండ్లుకు రెండు రాత్రులు నిద్ర లేదు. మొదటి రాత్రి సంతోషంతో, రెండో రాత్రి అనుమానంతో. ఎందుకంటే రైస్‌మిల్లు కాంట్రాక్టరు డ్రైవర్ రాజయ్య, వాడూ పోటీలో ఉన్నాడు, హోటల్లో అందరి ముందర నవ్వుతూ ఒక మాటన్నాడు: “పిడికెడు చక్కెర పెట్రోల్ల ఏస్తే నీ బండి ఖతం గదనే.” అంతా నవ్వారు. చాంద్‌పాషా కూడా నవ్వాడు. చాంద్‌పాషా బావమరిది పనిచేసేది ఆ రైస్‌మిల్లులోనే. హనుమండ్లు ఆ నవ్వును ఇంటికి తీసుకుపోయి మంచం మీద పడుకొని నాలుగు దిక్కుల నుంచీ చూశాడు.

పోటీ నాడు తెల్లారకముందే లేచి పెట్రోలు మూత మీద మైనపు గుడ్డ కప్పాడు. నేతపనివాడి ముడి వేసి పురికొసతో బిగించాడు. పదడుగుల దూరంలో గరిటెలో లక్క కరగబెట్టి, ఉరుక్కుంటూ వచ్చి, గుడ్డ చుట్టూ సందు లేకుండా పోసి, తన ఇత్తడి ఉంగరంతో ముద్ర వేశాడు. తపాలా సంచిని కూడా ఎవరూ అంత శ్రద్ధగా మూసి ఉండరు. చాంద్‌పాషా చూసి నోరు తెరిచాడు.

“గిదేందన్నా?”

“ఏం లే. నీకెందుకు?”

తొమ్మిది కార్లు బయలుదేరాయి. కోరుట్ల దగ్గర నల్ల కారు రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. చాంద్‌పాషా బానెట్ ఎత్తి, పెట్రోలు గొట్టం ఊడదీసి, నోటితో ఊది, మళ్ళీ బిగించాడు. బండి కదిలింది. ఆర్మూరు దాటాక మళ్ళీ ఆగింది. మళ్ళీ ఊదాడు, మళ్ళీ కదిలింది. ఈసారి చాంద్‌పాషా చేతులు తుడుచుకుంటూ అన్నాడు: “అన్నా, టాంకికి జర గాలి పోవాలె. మూత మీది గా గుడ్డ తీసేద్దాం.”

హనుమండ్లు మూతకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. గుడ్డ తీసేద్దామట! బండికి ఇన్ని రోగాలు ఉండగా, వీడి కన్ను మూత మీదనే ఎందుకు పడింది?

“అది ముట్టుకుంటె మంచిగుండదు” అన్నాడు.

నిర్మల్ దాటి కొండదారి ఘాటు ఎక్కుతుంటే మూడోసారి ఆగింది. పక్క నుంచి రాజయ్య కారు హారన్ కొట్టుకుంటూ పోయింది. రాజయ్య చెయ్యి ఊపాడు. చాంద్‌పాషా కూడా చెయ్యి ఊపాడు. హనుమండ్లు ఇవన్నీ చూస్తున్నాడు. బండి ఆగినప్పుడల్లా ఇతని చెయ్యి తగిలితే గాని కదలదు. చెయ్యి తగిలితే కదులుతున్నదంటే, ఆపుతున్నది కూడా ఆ చెయ్యేనేమో! ఇంత లెక్క ఇన్నాళ్ళూ తనకు తట్టనందుకు తనను తానే తిట్టుకున్నాడు.

“అన్నా, మల్ల చెప్తున్న. మూత...”

“పాషా, మూత మాట తియ్యకు.”

చాంద్‌పాషా ఇక తీయలేదు. గొట్టం ఊది ఊది అతని పెదవులు పెట్రోలుకు పగిలిపోయాయి.

ఆదిలాబాద్‌లో డాక్‌బంగ్లా ముందర కార్లన్నీ నిలిపారు. హనుమండ్లు పెట్రోలు పోయించి కొత్తగా సీలు వేశాడు. తెల్లవారి తొమ్మిదిన్నరకు జెండా ఊపారు. ఆశ్చర్యం, ఆ పొద్దు కారు ఒక్క దగ్గు కూడా దగ్గలేదు. గుడిహత్నూర్ దాటింది, ఇచ్చోడ చేరింది. ఇంకెవరైనా అయితే దేవుడికి దండం పెట్టుకునేవాడు. హనుమండ్లు మాత్రం మళ్ళీ లెక్కలు వేశాడు. నిన్న మూడుసార్లు ఆగిన బండి ఇవాళ ఎందుకు ఆగదు?

ఇచ్చోడలో చాయ్‌కి ఆపారు. చాంద్‌పాషా హోటల్లోకి పోయి రెండు చాయ్‌లు చెప్పాడు. హనుమండ్లు కారు వెనక్కి పోయి వంగి చూశాడు. మైనపు గుడ్డ నడిమధ్య సన్నటి సూదిబెజ్జం ఉంది.

దొరికాడు! లోపల ఎక్కడో ఒక తృప్తి కలిగింది. అనుమానం నిజమైతే అనుమానపు మనిషికి కలిగే తృప్తి అది, చెప్పుకోవడానికి సిగ్గు.

చాంద్‌పాషా రెండు చేతుల్లో రెండు కప్పులు పట్టుకొని వచ్చాడు.

“గీ బొక్క ఎవలు పొడిచిండ్రు?”

చాంద్‌పాషా తడబడలేదు. “నేనే పొడిచిన. పొద్దుగాల, నువ్వు మొఖం కడుక్కోను పోయినప్పుడు.”

“నా సాటుకు!”

“నీ ముంగట పొడవనిస్తువా?”

“రాజయ్య ఎంత చక్కెర ఇచ్చిండ్రా నీకు? నీ బావమర్దితోని పంపిచ్చిండా?”

హోటల్లో మనుషులు తలలు తిప్పి చూశారు. చాంద్‌పాషా ముఖం నల్లబడింది. కప్పులు రెండూ మెల్లగా బల్ల మీద పెట్టాడు.

“ఏమన్నవన్నా?”

“దిగినోనివి దిగినట్టే ఉండు. నా బండి ఎక్కకు.”

నా బండి అన్నాడు. ఇంకా ఇద్దరిదీ కాలేదు, అప్పుడే ఒక్కడిదైపోయింది. చాంద్‌పాషా వెనక సీటు మీది తన పనిముట్ల సంచి తీసుకొని హోటల్ అరుగు మీద కూర్చున్నాడు. హనుమండ్లు మూత తీసి, పెట్రోల్లో వేలు ముంచి నాకి చూశాడు. తియ్యగా లేదు. అయినా నమ్మకం కుదరలేదు. కొత్త గుడ్డ కట్టి, హోటల్ పొయ్యి మీద లక్క కరిగించి, ఎన్నడూ లేనంత మందంగా పోసి, ముద్ర కొట్టి బయలుదేరాడు.

నేరడిగొండ దాటాడు. ఘాటు మొదట్లో కారు రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

చుట్టూ టేకు అడవి. మనిషి లేడు. పక్క సీటులో చాంద్‌పాషా లేడు. రాజయ్య ఎప్పుడో ముందుకు పోయాడు. లక్క చెక్కుచెదరలేదు, ముద్ర నిగనిగలాడుతోంది. ఇప్పుడు ఎవరిని అనుమానించాలి? హనుమండ్లు చాలాసేపు వెతికాడు. ఎవరూ దొరకలేదు. పెట్రోల్ అయిపోయిందేమోనని కత్తితో లక్క కోసి, మూత తిప్పాడు.

టాంకు ఉస్సుమని గాలి పీల్చుకుంది. అంతసేపు ముక్కూ నోరూ మూసి పట్టుకున్న పసిపిల్ల విడవగానే పీల్చుకున్నట్టు పీల్చుకుంది. మూత తిప్పి చూస్తే నడుమ చిన్న రంధ్రం, గాలి పోవడానికి కార్ఖానాలోనే పెట్టింది. లోపలికి గాలి పోనిదే ఇంజనుకు పెట్రోలు రాదు; ఆ దారినే తను రెండు రోజులుగా మూస్తున్నాడు. సూదిబెజ్జం సరిగ్గా దాని మీదనే ఉండింది.

హనుమండ్లు రోడ్డు మీద కూలబడ్డాడు. సిగ్గుతో ఒళ్ళంతా మంట పుట్టింది. గడియారం చూసుకున్నాడు, పన్నెండు కావస్తోంది. ఇచ్చోడకు తిరిగి పోయి రావాలంటే గంటన్నర. పోతే అయిదుకు చేరడం కల్ల. కారు వెనక్కి తిప్పాడు. ఒక ఫర్లాంగు పోయాడు కూడా. ఆపాడు. కారు వస్తే ఇద్దరిదీ కదా, వాడి కోసమే కదా పోతున్నది, తర్వాత కాళ్ళు పట్టుకుంటే సరి, పాషా మనసు వెన్న అని తనకు తాను చెప్పుకున్నాడు. మళ్ళీ ముందుకు తిప్పాడు. ఆనాడు హనుమండ్లు నమ్మకూడని మనిషిని నమ్మింది ఆ ఒక్కసారే, ఆ మనిషి తానే.

గుడ్డ లేని మూతతో కారు ఎక్కడా ఆగలేదు. అయిదుకు ఇంకా ఇరవై నిమిషాలు ఉండగా క్లబ్బు ముందర నిలబడింది. తొమ్మిదింటిలో చేరినవి నాలుగే. రాజయ్య కారు మెట్‌పల్లి దగ్గర ఇరుసు విరిగి పడి ఉంది. డాక్టరుగారు ఆనందంతో హనుమండ్లును కౌగిలించుకొని, “పాషా ఏడీ?” అని అడిగాడు.

“జరం వచ్చింది సాబ్. ఇచ్చోడల పండుకున్నడు” అన్నాడు హనుమండ్లు.

మరునాడు చాంద్‌పాషా బస్సు దిగి వచ్చాడు. డాక్టరుగారు ఎదురుపడి, “జరం తగ్గిందా పాషా?” అన్నాడు. చాంద్‌పాషా ఒక్క క్షణం హనుమండ్లు వంక చూశాడు.

“తగ్గింది సాబ్” అన్నాడు.

సాయంత్రం హనుమండ్లు షెడ్డుకు పోయాడు. నట్లు ఇప్పే రేంజి పానాలు కిరోసిన్‌లో కడుగుతున్నాడు చాంద్‌పాషా. “తప్పైంది పాషా. లక్క తోటే ఆగింది బండి” అన్నాడు హనుమండ్లు.

“నాకెరుకే.”

“మరి గట్టిగ ఎందుకు చెప్పలే?”

“రెండుసార్లు చెప్పిన. మూడోసారి చెప్తే కొట్టేటోనివి.”

“గట్ల దొంగతనంగ పొడుసుడేంది మరి?”

“బండి మనది గావాలె గదా అన్నా” అన్నాడు చాంద్‌పాషా. అంతకు మించి ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

కాగితాల మీద రెండు పేర్లూ ఉన్నాయి. టాక్సీ మాత్రం హనుమండ్లు ఒక్కడే నడిపాడు. చాంద్‌పాషా అందులో ఎక్కలేదు. పిలిచినప్పుడల్లా షెడ్డులో పనుంది అనేవాడు. పాత బండి కనుక నెలకు రెండుసార్లయినా షెడ్డుకు పోవలసి వచ్చేది. కాదనకుండా చేసేవాడు. పొమ్మని ఉంటే, తిట్టి ఉంటే హనుమండ్లుకు ఎంతో హాయిగా ఉండేది.

కారు షెడ్డులో పెట్టగానే చాంద్‌పాషా చొక్కా చేతులు పైకి మడిచి, రెండు అరచేతులూ తిప్పి చూపించేవాడు.

“నిలబడన్నా. జూడు. ఇది పన్నెండు నంబరు పాన. దీనితోని గీ నట్టు ఇప్పుతున్న. ఇగో, ఇప్పిన. ఇప్పుడు గొట్టం తీస్తున్న, జూసినవా?”

“నాకు సూపియ్యకు పాషా, నీకు దండం పెడ్త” అనేవాడు హనుమండ్లు.

“లే లే, జూడాలె. రేపు నీకు ఫికర్ ఉండొద్దు.”

అతని గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. కరెంటు బిల్లు చదివినట్టు ఒక్కొక్క బోల్టు పేరూ చెప్పి ఇప్పేవాడు, పేరు చెప్పి బిగించేవాడు. హనుమండ్లు తల తిప్పుకుంటే పని ఆపి, అతడు చూసేదాకా ఆగేవాడు. 1968లో ఆ కారును తుక్కుకు అమ్మేదాకా ఏడేళ్ళు అదే వరస. మిగతా డ్రైవర్లంతా చాంద్‌పాషా చేతికి తాళంచెవి ఇచ్చి చాయ్ తాగడానికి పోయేవాళ్ళు.