వీపున గుండీలు

రిటైరై ఎన్నేళ్లయినా, చిత్రకళా శిబిరం అంటే డ్రాయింగు టీచరమ్మకు పెళ్లికి తరలుతున్నంత హడావిడి. చీరలు ఎలా పడితే అలా పెట్టెలో కుక్కేస్తుంది గానీ, కుంచెల మొనలు వంగకుండా చిన్న చాపలో చుట్టి, రంగుల ట్యూబుల మూతలు ఒక్కొక్కటీ బిగించి, కుంచెలు కడుక్కునే వెడల్పు మూతి సీసాను పసిబిడ్డలా తువ్వాలులో పొదువుతుంది. అన్నిటికన్నా పైన భర్త పాత తెల్లచొక్కా ఉండాలి. చీరమీద రంగు పడకుండా దాన్ని ముందు భాగం వెనక్కి తిప్పి తొడుక్కుంటుంది. శిబిరాలకు తోడొచ్చే ఆయనే వీపున గుండీలు పెట్టేవాడు, కబుర్లలో పడి ఎప్పుడూ ఒకటి వదిలేసేవాడు. ఆయన పోయాక ఇదే మొదటి ప్రయాణం.

తీరా చూస్తే చొక్కా మల్లెపువ్వులా మెరుస్తోంది. "మరకలన్నీ వదిలించానత్తయ్యా. రుద్ది రుద్ది చేతులు పడిపోయాయి" అంది కోడలు గర్వంగా. టీచరమ్మ దాన్ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పింది. ఏటి బొమ్మ వేసిననాటి నీలం లేదు. జేబు దగ్గర ఆయన ఒలకబోసుకున్న టీ మరకా లేదు. కోడలి ముఖం పాలిపోయింది. "అయ్యో, కావాలని ఉంచుకున్నవా అవి?"

"మరకలదేముందే, మళ్లీ పడతాయి" అని చొక్కా తొడుక్కుని వీపు తిప్పింది. "గుండీలు పెట్టు." కోడలు పైనుంచి కిందిదాకా శ్రద్ధగా పెట్టింది. టీచరమ్మ భుజాలు కదిపి చూసుకుంది.

"బిగుతుగా ఉందా అత్తయ్యా?"

"ఉహూఁ. మధ్యలో ఒకటి వదిలెయ్యవే. లేకపోతే నాకు చెయ్యి ఆడదు."