దొంగాకు

నీళ్ళడగని మొక్కను, కూలి అడగని పనివాణ్ణి నేను నమ్మను. అందుకే మొన్న పొల్లాచ్చి రోడ్డు నర్సరీ ఆసామి ట్రేల నిండా మొక్కలు తెచ్చి మా వాకిట దించి, "తణ్ణి వేండాం మేడం, వేలై ఇల్లై" అని, నీళ్ళూ అక్కర్లేదు, పనీ ఉండదు, నేలంతా తివాచీలా పరుచుకుంటుందని నా కోడలిని ఊరిస్తుంటే, నేను కుర్చీ దగ్గరికి లాక్కుని ఒక కొమ్మ తుంచి చూశాను. ఎర్రటి కాడ, నీరు నిండిన దళసరి చిట్టాకులు. పువ్వుకు రంగు పులిమారు గానీ, జాతి మాత్రం మా దొంగాకుదే! బట్టలుతికే బండ పక్కన దానంతటదే పెరుగుతున్న ఆకును పెళ్ళగించి, ఆ చోటులో దాని తోబుట్టువును మాకే అమ్మాలని చూస్తున్నాడన్నమాట.

నా యీడు కోయంబత్తూరు తెలుగువాళ్ళకు ఈ ఆకు గుర్తుండే ఉంటుంది. ఆంధ్రా వైపు గంగపాయల కూర అంటారట. వానలు తప్పిన ఒక ఏడు మా చేలో పత్తి తల వాల్చేస్తే, దాని కింద ఇదొక్కటే నిగనిగలాడుతుండటం చూసి మా నాయనకు అనుమానం పట్టుకుంది. "పత్తి నీళ్ళంతా ఈ దొంగదే తాగె" అని పెరికి గట్టు మీద పారేశాడు. వేళ్ళు గాలిలో పెట్టుకుని కూడా అది పసుపు పూలు పూసేసరికి ఆయన అనుమానం ఇంకా ముదిరింది. మా అమ్మ మాత్రం బుట్టకెత్తుకుని, "దొంగ దొరికె గదా! తరిగి పులుసు పెడితే మన నీళ్ళు మన కడుపుకే వచ్చు" అంది. రాగిసంగటిలోకి ఆ పులుసు మారు వడ్డించుకుంటూ కూడా నాయన దాన్ని తిట్టడం మానలేదు. ఆనాటి నుంచి మా ఇంట దాని పేరు దొంగాకే. చేను ఇళ్ళ స్థలాలై పోయేముందు అమ్మ ఒక వేరు తెచ్చి బండ పక్కన నాటింది. ఆమె చేత్తో పెట్టింది మాకు మిగిలింది అదొక్కటే.

ఆ సంగతంతా ఒక్కసారే చెప్పబోయి, ఆసామి చేతిలోని ట్రే వైపు వేలు చూపి "దొంగాకు, దొంగాకు!" అని అరిచాను. కోడలిది మధురై, వాళ్ళింటి తెలుగులో ఈ మాట లేదు, ఆమెకు మొదటి సగమే వినబడింది.

"ఏమి మామా, ఇంటికొచ్చినవారిని దొంగ అనొచ్చునా? అసింగం, సిగ్గుచేటు!" అని నన్ను కసిరి, అతనికి తమిళంలో క్షమాపణ చెప్పింది. తెలుగు రాని ఆ మనిషికి, తననెవరో దొంగన్నారని అప్పుడే తెలిసి ముఖం కందగడ్డైంది. అతన్ని చల్లబరచడానికి కోడలు పెరడంతా అతని ఇష్టానికే వదిలేసింది. నేను విప్పి చెప్పేలోపు బండ పక్కది పార పాలైంది.

పారేసిన కుప్పలోంచి నాలుగు కాడలు ఏరి అతని మొక్కల మధ్యే గుచ్చాను. బతికాయి.

నాయన దీన్ని దొంగని తిట్టి కంచం నిండా తిన్నాడు. ఇప్పటివాళ్ళు దీని చుట్టాన్ని మర్యాదగా కారులో తెచ్చుకుంటారు, పులుసు పెడితే మాత్రం గిన్నె వంక అనుమానంగా చూస్తారు. పూలు లేనప్పుడు రెండూ కలిసిపోయే ఉంటాయి. ఏది అమ్మదో, ఏది నర్సరీదో నాలుకే చెప్పాలి. ఈ ఇంట్లో ఆ పులుపు ఎరిగిన నాలుక నాదొక్కటే.