గురురాజారావుగారి మీసాల చట్టం

గురురాజారావుగారికి లోకంలో ఒక్కటే పట్టుదల. ఆయన తీసే పిల్లల హాస్య కార్యక్రమంలో నటించే ప్రతి బిడ్డకూ మీసం ఉండి తీరాలి. మగపిల్లవాడా, ఆడపిల్లా అన్న ప్రశ్న లేదు. పాత్ర తాసిల్దారా, తాసిల్దారుగారి భార్యా, ఆమె పెంచుకునే బర్రెగొడ్డా అన్న విచారణ లేదు. తాసిల్దారుకు మీసం, భార్యకు మీసం, బర్రెకు మరికొంచెం గుబురైన మీసం.

ఆ కార్యక్రమం పేరు ‘పకపకల పంచాయతీ’. ప్రొద్దుటూరులో ఒక కేబుల్ ఛానెల్ వారు ఆదివారం ఉదయం దానిని ప్రసారం చేసి, ఆ తరువాత యూట్యూబులోనూ పెట్టేవారు. అన్నీ చిన్న చిన్న ప్రహసనాలు. రేషన్ షాపు ముందు జగడం, బ్యాంకులో దారంతో కట్టేసిన పెన్ను మాయం కావడం, పెండ్లిచూపుల్లో పెండ్లికొడుకు తరఫువారు కారబ్బూందీ జేబుల్లో పోసుకోవడం. నటులందరూ బడిపిల్లలే. ఊరంతా ‘సామీ’ అని పిలిచే గురురాజారావుగారు ఒకప్పుడు ఫొటో స్టూడియో నడిపినవారు. ఊళ్ళో ప్రతివాడి చేతిలోకీ కెమెరా వచ్చి చేరిన తరువాత, ఆయన తన కెమెరాను పిల్లల వైపు తిప్పుకున్నారు. సంభాషణల్లో భాషాదోషాలు దిద్దే పనిని, తెలుగు పంతులుగా రిటైరైన నాకు అప్పగించారు.

ఆ పనిలో నాకు ఎదురైన మొదటి చిక్కు మీసాలదే. మన వ్యాకరణం పురుషులను మహత్తులన్నది. స్త్రీలను ఏకవచనంలో పశుపక్ష్యాదులతో కలిపి అమహత్తులన్నది. అందుకే అతడు ‘వచ్చినాడు’, ఆమె ‘వచ్చినది’, బర్రె కూడా ‘వచ్చినది’. ఈ విభజనలోని న్యాయాన్యాయాల మాట అటుంచితే, బొద్దు మీసంతో చేతికర్ర పుచ్చుకొని నడిచివచ్చే అమ్మమ్మ వచ్చినాడా, వచ్చినదా అనే సందేహం ఏ సూత్రకారునికీ కలిగి ఉండదు. బడిలో ఉన్న రోజుల్లోనైతే దీని మీద ఒక పీరియడంతా చర్చించేవాణ్ణి. వినేందుకు పిల్లలుండేవారు. సరే, ఆ కాలం గడిచింది.

మీసాల చట్టంలో రెండవ సూత్రం మరీ విపరీతం. మీసం స్టూడియోకు వచ్చి అతికించుకొనేది కాదు. పల్లెల్లో నాటకాలకు వేషాలు కట్టే ఖాదర్ మీసాలు తయారుచేసి ముందురోజే ఇండ్లకు పంపేవాడు. పిల్లలు ఇంటినుంచే మీసంతో రావాలి, మీసంతోనే మళ్ళీ ఇంటికి పోవాలి. రాజుపాలెం నుంచి వచ్చే షేర్ ఆటోలో అయిదారుగురు మీసాల బాలికలు ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చొని రావడం చూసి, ఎదురుగా వచ్చే మోటారుసైకిళ్ళు రోడ్డు దిగిపోయేవి.

జమ్మలమడుగు నుంచి లహరి అనే అమ్మాయి వాళ్ళ అవ్వతో కలిసి బస్సులో వచ్చేది. మా నటుల్లో ఆమెను మించినవారు లేరు. పంచాయతీ ప్రెసిడెంటు వేషం ఎప్పుడూ ఆమెదే. ఒకరోజు కొత్త కండక్టరొకడు ఆమె టికెట్టు దగ్గర ఆగిపోయాడట.

“మీసమొచ్చినోనికి హాఫ్ టికెట్ ఏందవ్వా?”

“మొగోడు కాదు నాయనా, ఆడబిడ్డ.”

“ఆడబిడ్డకు మీసమేంది?”

“ఆ మాట పొద్దుటూరు సామిని అడుగుపో. నాకు టికెట్టియ్యి.”

అప్పుడు లహరి ప్రెసిడెంటు గొంతుతో, “కండక్టరూ, చిల్లర లేదంటే నీ మీద పంచాయతీ పెట్టిస్తా” అన్నదట. బస్సంతా నవ్వింది. హాఫ్ టికెట్టే కొట్టాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ కూడా మీసాలకు సెలవు లేదు. సుధన్వ అనే చిన్నవాడి మీసం ఒకసారి జారి సాంబారులో పడింది. వడ్డించే ఆమె దానిని బొద్దింక అనుకొని గరిటె వదిలేసి వీధిలోకి పరుగెత్తింది. గురురాజారావుగారు మాత్రం మీసాన్ని స్పూనుతో పైకి తీసి, కడిగి, ఆరబెట్టి, వాడి మూతికి అతికించిన తరువాతనే తినమన్నారు.

“ఆకలిగా ఉంది సార్” అన్నాడు వాడు.

“ముందు మీసం నాయనా, తరువాత అన్నం.”

ఎందుకీ పట్టుదల అని అడగనివారు లేరు. ఆయన సమాధానం చెప్పకుండా ఉన్నదీ లేదు. అయితే ఒకరికి చెప్పింది మరొకరికి చెప్పలేదు. నేను అడిగితే, “మీసం ఉంటే గొంతులో బరువు వస్తుంది అయ్యవారూ” అన్నారు. ఛానెల్ యజమాని అడిగితే, కెమెరాకు ఫోకస్ కుదరాలంటే ముఖం మీద ఒక నల్లటి గీత కావాలన్నారు. ఒక తల్లి అడిగితే, దోమలు ముక్కులోకి పోవన్నారు. పత్రికా విలేకరితో సీమ పౌరుషమన్నారు. బ్రహ్మంగారిమఠం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషితో, “పిల్లలకు మీసాలు మొలిచే కాలమొకటి వస్తుందని మీ ఊళ్ళోనే విన్నాను” అన్నారు. ఆ పెద్దమనిషి తానూ విన్నట్టే తలూపి వెళ్ళిపోయాడు. మనిషికొక కారణం చెప్పేవాని దగ్గర అసలు కారణమేదీ ఉండదని ఊరు తీర్మానించుకున్నది.

ఈ మీసాలకు నిజమైన గండం నరేష్ రూపంలో వచ్చింది. నరేష్ ఛానెల్ యజమాని, రాజుపాలెం దగ్గర భూములున్న కుటుంబంవాడు. కుర్రవాడు మంచివాడే కాని ఛానెల్‌కు ప్రకటనలు లేవు. ఒకనాడు స్టూడియోకు వచ్చి కుర్చీ లాక్కొని కూర్చున్నాడు.

“సామీ, మా పద్మావతత్త ఒప్పుకున్యాది. సంవత్సరం పొడుగునా మన పంచాయతీకి ఆమె ప్రకటనే. ఒకే ఒక్క షరతు.”

“ఏమిటది?”

“పులివెందులలో దసరాకు పట్టుచీరల దుకాణం తెరుస్తాండాది. ఆ పొద్దు షూటింగ్ ఆడనే. ఆడపిల్లోల్లు పట్టుపావడాలు కట్టుకోని, మీసాల్లేకుండా చెయ్యల్ల.”

“కుదరదు.”

“యాల కుదరదు?”

“పట్టు వేడి చేస్తుంది. మీసం ఆ వేడిని లాగేస్తుంది.”

నరేష్ నా వైపు చూశాడు. వైద్యశాస్త్రం నా విషయం కాదు గనుక నేను ఫ్యాను వైపు చూశాను.

“ఉన్నమాట చెప్తాండా సామీ. ఈ ప్రకటన రాకుంటే పంచాయతీ మూసేస్తా. ఆ టైములో బంగారు రేట్లు ఏసుకుంటా. మీసాలు తీస్తే పిల్లోల్లుంటారు, మీరుంటారు. తీయకుంటే ఎవురూ ఉండరు. బాగా ఆలోచన చేసుకోండి.”

గురురాజారావుగారు ఆలోచించారు. ఆలోచించి ఖాదర్‌తో జరీ మీసాలు చేయించారు. నల్లమీసం అంచున బంగారు పోగులు. ఆయన దృష్టిలో అది రాజీ.

దసరానాడు మేమందరం వ్యానులో పులివెందుల చేరాము. నరేష్ మాకంటే ముందే అక్కడ ఉన్నాడు. దుకాణం వాకిట మామిడాకులు కట్టించుకుంటున్న పద్మావతమ్మగారు, వ్యాను దిగుతున్న పిల్లలను ఒక్కొక్కరినే చూసి నడుమున చెయ్యి పెట్టుకున్నారు.

“ఏంది సామీ ఇది? పిల్లోల్లను తీసుకరమ్మంటే పోలీసోల్లను తెచ్చినావా?”

“జరీ మీసాలమ్మా. అసలు జరీ.”

“జరీ చీరంచుకుండల్ల గానీ మూతికి కాదు. చీర కొనేదానికొచ్చేది ఆడోల్లు. మీసాల పిల్లను చూసి యా తల్లి లోపలికొస్తాది?”

“దిష్టి తగలదమ్మా దుకాణానికి.”

“దానికి గుమ్మడికాయ కట్టినా. నరేషూ, తీయించప్పా.”

మీసాలను ఊడదీయడానికి ఖాదర్ దగ్గర కొబ్బరినూనె సీసా ఉంటుంది. నరేష్ సైగ చేస్తే దానిని సంచిలోనుంచి బయటికి తీశాడు కాని, మూత తీయలేదు. గురురాజారావుగారి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన పిల్లలకూ పద్మావతమ్మగారికీ నడుమ వచ్చి నిలిచారు.

“ఈరోజు తిథి మంచిది కాదు” అన్నారు.

“దసరా పొద్దు తిథి బాగలేదంటావా?”

“గాలి తగిలితే పిల్లలకు జలుబు.”

“ఈ ఎండకా?”

“అమ్మా, అది... ఈ మీసం...” అని ఆయన ఆగిపోయారు. కారణాలు నిండుకున్నాయి. 

నరేష్ నిట్టూర్చాడు. “సరే సామీ. ఈ పొద్దుతో పంచాయతీ సరి. పిల్లోల్లారా, వ్యానెక్కండి.”

ఎవరూ కదలలేదు. కదిలింది లహరి ఒక్కతే. వ్యాను వైపు కాదు, ముందుకు. గురురాజారావుగారి పక్కనుంచి ఇవతలికి వచ్చి, రెండు వేళ్ళతో జరీ మీసం అంచు పట్టుకొని, కళ్ళు గట్టిగా మూసుకొని, ఒక్క లాగు లాగింది.

పై పెదవి నుంచి ముక్కుదాకా ఒక తెల్లని గీత. ఆ చోట పెదవి కొంచెం పైకి లాగినట్టుంది. గ్రహణమొర్రితో పుట్టిన బిడ్డకు పసితనంలో కోసి కుట్టిన గుర్తు అది. ఇంటినుంచే మీసంతో ఎందుకు రావాలో, అన్నం తినేటప్పుడు సైతం ఎందుకు తీయరాదో, ఒక్క బిడ్డకు చాలినది ఊరందరి బిడ్డలకూ ఎందుకు పెట్టవలసివచ్చిందో, నాకు ఆ గీత చెప్పింది.

“పెట్టుకో తల్లీ” అన్నారు గురురాజారావుగారు, చాలా మెల్లగా.

“వద్దు సార్. దురద పెడ్తాంది.”

“ఇప్పుడేనా?”

“శానా దినాల నుంచి.”

“మరి నాతో చెప్పలేదే?”

“మీకు మీసాలంటే పానం గదా సార్. తీస్తే బాధపడ్తారని పెట్టుకుంటాండా. మొదట్లో నాకే సిగ్గుండె. ఇప్పుడు బడిలో అందరికీ నేను ప్రెసిడెంటునే. నా మూతి ఎవురూ చూడరు. ఏం తిడతానో అని చూస్తారు.”

వెనుకనుంచి అవ్వ ముందుకు వచ్చింది. “మొదటి పొద్దు ఈ బిడ్డ నా కొంగు మూతికి అడ్డం పెట్టుకోని, తియ్యనంటే తియ్యనని ఏడ్చె. మీసం పెడతా రా అన్యాడు సామి. నాకొక్కదానికే పెడితే అందరూ అడుగుతారు గదా అనె ఇది. అయితే అందరికీ పెడతా అన్యాడు. ఎవురికీ చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్యాడు. ఖాదరుతో గూడా.”

ఖాదర్ సీసాను మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు.

పద్మావతమ్మగారు దగ్గరికి వచ్చి, లహరి గడ్డం పట్టుకొని ముఖాన్ని వెలుతురులోకి తిప్పి చూశారు. ఆమెకు సుకుమారంగా మాట్లాడడం రాదు. “మొగం లక్షణంగా ఉండాది. ఈ పాటి గీతకు బర్రెకు గూడా మీసం పెట్టినావా సామీ?”

“ఒక్క బర్రెను వదిలిపెడితే అనుమానం వస్తుందమ్మా” అన్నారాయన.

“ఎర్రంచు పావడా తీయండి ఈ పిల్లకు” అని ఆమె లోపలికి కేకవేశారు. “నరేషూ, తక్కినోల్లకు గూడా తీయించి మొదలుపెట్టు.”

చిక్కు అక్కడ వచ్చింది. సుధన్వ రెండు చేతులతో మూతి మూసుకున్నాడు. “నేను తీయను.”

“యాలరా?”

“తీస్తే గొంతులో బరువు పోతుంది.”

“నేనూ తీయను” అన్నది రాజుపాలెం నుంచి వచ్చే అర్చన. “ముక్కులోకి దోమలు పోతాయి.”

“ఫోకస్ కుదరదు” అన్నాడు ఇంకొకడు.

ఇన్నాళ్ళుగా ఊరిలో ఒక్కరూ నమ్మని ఆ కారణాలను పిల్లలందరూ మనసారా నమ్మారు. నరేష్ బతిమాలాడు, బెదిరించాడు, ఐస్‌క్రీములు చూపించాడు. ఒక్క మీసమూ కదలలేదు. చివరికి పద్మావతమ్మగారే దిగివచ్చారు.

“ఉండనీలేప్పా. చీర ఎంచుకునేది ఆడది, పక్కన నిలబడి మొగం మాడ్చుకునేది మీసాలోడు. సరిగ్గానే ఉండాది.”

అలా ఆనాటి ప్రహసనం అక్కడికక్కడే మారిపోయింది. ఎర్రంచు పట్టుపావడాతో లహరి చాప మధ్యలో కూర్చొని చీరలన్నీ విప్పించి, ఒక్కటీ నచ్చలేదని అంటుంది. ఆమె వెనుక మీసాల పరివారమంతా వరుసగా నిలబడి ఆవలిస్తుంది. నేను దిద్ది తీసుకుపోయిన సంభాషణల్లో ఒక్క వాక్యమూ పనికిరాలేదు. కెమెరా సిద్ధమయింది. దుకాణంవాళ్ళు ఫ్యాన్లు ఆపేశారు. అందరూ గురురాజారావుగారి నోటినుంచి ఒక్క మాట కోసం ఎదురుచూస్తున్నారు.

ఆ మాట రావడం లేదు. ఎప్పుడూ నున్నగా గీసుకొని ఉండే ఆయన పై పెదవి వణుకుతోంది. ఆయన దానిని పళ్ళతో నొక్కిపట్టాలని చూస్తున్నారు, అది నిలవడం లేదు. పిల్లలు చూస్తున్నారు. నరేష్ చూడనట్టు చీరల అరలు లెక్కపెడుతున్నాడు.

లహరి చాప మీదనుంచి లేచింది. ఇందాక ఊడదీసిన జరీ మీసం ఇంకా ఆమె అరచేతికే అంటుకొని ఉంది. స్టూలొకటి లాక్కొని ఎక్కి, దానిని ఆయన పెదవి మీద పెట్టి, రెండు బొటనవేళ్ళతో గట్టిగా అదిమింది.

“ఉంచుకోండి సార్. ఇప్పుడు కనపడదు.”

జరీ మీసం కిందినుంచి ఆయన “యాక్షన్” అన్నారు.